ఎవరు వింటున్నారు?



"తెలుగు మేడమ్‌కి అమెరికా పాటలతో ఏం పని?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఈ సెమిస్టర్‌లో డిగ్రీ మూడో ఏడాది పిల్లలకు జానపద సాహిత్యం పాఠంలో భాగంగా ఐదు గంటలు నల్లజాతి సంగీతం గురించి చెప్పాను. అడిగినవాళ్ళలో నా విద్యార్థులూ ఉన్నారు, తోటి అధ్యాపకులూ ఉన్నారు. ఈ వారం దానికే జవాబు. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

పొలంలో ఆడవాళ్ళు పాడే నాట్ల పాటల గురించి మన పుస్తకాలు ఏం చెబుతాయి? శ్రమ తెలియకుండా ఆనందంగా పాడుకుంటారని. మా అమ్మ ముప్పై ఏళ్ళు నాట్లు వేసింది. రాత్రిపూట నడుం పట్టేసి, బోర్లా పడుకుని నన్ను వీపు తొక్కమనేది. ఆ పాటలో ఎంత ఆనందం ఉందో నాకు తెలుసు. పరీక్షలో మాత్రం ఆనందం అని రాస్తేనే మార్కులు.

బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథలో సరిగ్గా ఈ సంగతే రాశాడు. బానిసలు పాడుతున్నారు కాబట్టి సుఖంగా ఉన్నారని ఉత్తరాది జనం అనుకోవడం ఆయనకు వింతగా తోచింది. దుఃఖం ఎక్కువైనప్పుడే బానిస ఎక్కువ పాడతాడని చెప్పాడు. పాట ఒకటే. వినేవాడు మారితే అర్థం మారిపోతుంది. అందుకే ఆ ఐదు గంటలూ బోర్డు మీద ఒకటే ప్రశ్న రాసి ఉంచాను: "ఎవరు వింటున్నారు?"

ముందు ఫిస్క్ కథ చెప్పాను. బానిసత్వం రద్దయ్యాక 1866లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో నల్లజాతివాళ్ళ చదువు కోసం ఫిస్క్ బడి తెరిచారు. ఐదేళ్ళకే అది అప్పుల్లో మునిగింది. అక్కడ సంగీతం నేర్పే తెల్ల మాస్టారు జార్జ్ వైట్ 1871 అక్టోబరులో తొమ్మిదిమంది విద్యార్థులను తీసుకుని కచేరీలకు బయల్దేరాడు. వాళ్ళే ఫిస్క్ జూబిలీ సింగర్స్. బానిసకాలపు పాటలు నలుగురిలో పాడటం మొదట్లో వాళ్ళకు ఇష్టం లేదు. బృందంలో పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ ఈ విషయం రాసిపెట్టింది. ఆ పాటలు పాత బతుకును గుర్తుచేసేవి, పైగా అమ్మానాన్నలకు పవిత్రమైనవి. పరాయివాళ్ళ ముందు ఎలా పాడతారు? నేలమీద కూర్చుని, గొంతు తగ్గించి, ఒకరి దగ్గర ఒకరు వాటిని నేర్చుకున్నారు. చివరికి ఆ పాటలతోనే అమెరికా, ఇంగ్లాండు తిరిగి డబ్బు తెచ్చారు. ఆ డబ్బుతో లేచిన జూబిలీ హాల్ 1876లో పూర్తయింది.

1888లో అదే ఫిస్క్‌లో డిగ్రీ తీసుకున్న డుబోయిస్, 1903లో వేసిన 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' పుస్తకంలో అధ్యాయాల మొదట్లో ఆ పాటల స్వరాలు అచ్చు వేయించాడు. 1946లో మన బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు కావాలని అడిగాడు.

ఇంతవరకు చెప్పి పిల్లల వైపు చూశాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. ఫోన్‌లో బీట్ పెట్టుకుని తెలుగులో ర్యాప్ కడతాడు. వాళ్ళ తాత డప్పు కొట్టేవాడు.

"అంటే మేడమ్, వాళ్ళ తాతల ఏడుపు అమ్మితేగానీ కాలేజీ నిలబడలేదన్నమాట."

క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. వాడన్న దాంట్లో తప్పేముంది? డబ్బిచ్చి విన్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళే. పాడింది నిన్నమొన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు. జూబిలీ హాల్ గొప్పదే, దాని వెనక ఈ లెక్క కూడా ఉంది.

వాడి మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఒక కాలేజీ వార్షికోత్సవం. ముఖ్య అతిథి కారు దిగగానే డప్పు మోగాలన్నారు. వెంటనే ఎస్సీ హాస్టల్‌కు కబురు వెళ్ళింది. డప్పు కొట్టిన పిల్లలు గేటు దగ్గర ఎండలోనే ఉండిపోయారు, అతిథి వేదిక మీద శాలువా కప్పించుకున్నాడు. ఫోటోల కింద 'సమ్మిళిత విద్య' అని రాసుకున్నారు. అక్కడి సిలబస్‌లో డప్పు గురించి ఒక్క పేజీ లేదు. ఈ కుర్రాడినీ రమ్మంటే, "ర్యాప్ అంటే పాడతాను సార్. డప్పు మాత్రం పట్టను. ఊళ్ళో ఎవరు పోయినా మా తాత పిలవగానే వెళ్ళాల్సొచ్చింది. నేనెందుకెళ్ళాలి?" అన్నాడు.

వీడికి కులం చెప్పుకోవడం సిగ్గు అన్నారు కొందరు. అన్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోను. పిలిచినప్పుడల్లా వెళ్ళి కొట్టి తీరాలంటే అది వెట్టి. కాలేజీ గేటు దగ్గర జరిగినా వెట్టే.

డప్పును తక్కువ చేయడం లేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం 'దండోరా' అన్న పేరునే పెట్టుకుంది. ఊరి పెద్దల మాట చాటడానికి వాడిన డప్పుతో తమ హక్కును చాటుకున్నారు. ఎప్పుడు కొట్టాలో, ఎవరికి వినిపించాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. గేటు దగ్గర నిలబెట్టిన పిల్లలకు లేనిది ఆ నిర్ణయమే.

మరి కొనేవాళ్ళు ఎదురుగా లేనిచోట పాట బడిలో ఏం చేస్తుంది? తర్వాతి క్లాసులో దీనికోసం జాన్స్ ఐలాండ్‌కు వెళ్ళాం. సౌత్ కరోలినా తీరంలో ఒక దీవి అది. ఈసా జెంకిన్స్ అనే ఆయన అక్కడి కూలీలను బస్సులో చార్ల్‌స్టన్‌కు తీసుకెళ్ళేవాడు. ఈసా అంటే మన బైబిల్లో ఏశావు. ఆ రాష్ట్రంలో ఓటరుగా చేరాలంటే రాజ్యాంగంలో ఒక భాగం చదివి వినిపించాలి. నల్లవాళ్ళను ఆపడానికి అదొక అడ్డుగోడ. ఆ బస్సెక్కే ఆలిస్ వైన్‌కు చదువు రాదు. జెంకిన్స్ చదువుతుంటే విని, ఆ భాగమంతా కంఠతా పట్టి ఓటరైంది. ఆ తర్వాత నిజంగా చదవడం నేర్పమని అడిగింది.

అక్కడినుంచి 1957లో మొదటి పౌరసత్వ బడి మొదలైంది. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక గదిలో చదువు. తెల్లవాళ్ళ కంట పడకుండా ఆ ఏర్పాటు. దాని వెనక ఉన్న సెప్టిమా క్లార్క్ పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో టీచరు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. మొదటి టీచరు బెర్నిస్ రాబిన్సన్ బ్యూటీ పార్లర్ నడిపేది. ఏం నేర్చుకోవాలో ఆవిడ విద్యార్థులనే అడిగింది. పేరు రాయడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం. అవే పాఠాలయ్యాయి.

ఆ బడుల్లోకి పాట కూడా వచ్చింది. పౌరహక్కుల ఉద్యమమంతా పాడుకున్న 'కీప్ యువర్ ఐస్ ఆన్ ది ప్రైజ్' రూపాన్ని గాయకుడు గై కారవాన్‌కు నేర్పింది ఈ ఆలిస్ వైనే. ప్రభుత్వం లెక్కలో ఆవిడ నిరక్షరాస్యురాలు. పాట దగ్గరికొచ్చేసరికి ఆవిడే గురువు. సమ్మిళిత విద్య అంటే నాకు అర్థమైంది ఇదే. గేటు దగ్గర నిలబెట్టడం కాదు, చాక్‌పీసు చేతికివ్వడం.

చివరి గంట 1964 వేసవి గురించి. మిసిసిపీలో ఉద్యమకారులు 40కి పైగా ఫ్రీడమ్ స్కూళ్ళు నడిపారు. 2,000 మందికి పైగా పిల్లలు వచ్చారు. చరిత్ర చెప్పారు, పాటలు పాడారు, పిల్లలచేత పత్రికలు వేయించారు. ఆ బడుల పాఠ్యప్రణాళికలో మూడు ప్రశ్నలున్నాయి. ఎక్కువమంది సంస్కృతిలో మనకు కావలసింది ఏమిటి? అక్కర్లేనిది ఏమిటి? మన దగ్గరున్నవాటిలో ఏం నిలుపుకుందాం?

ఆ మూడోదే మా పిల్లలకిచ్చాను. పేరు లేకుండా చీటీ రాయమన్నాను. "మా నాయనమ్మ సామెతలు" అని ఒకరు. "పెద్దకూర" అని ఇద్దరు. "ఏమీ వద్దు, ఉద్యోగం కావాలి" అని ఒకరు. అదీ జవాబే. వెనక బెంచీ కుర్రాడు చీటీ ఇవ్వలేదు. "తాతనడిగి చెప్తా మేడమ్" అన్నాడు. తొందరేం లేదన్నాను. ఏమీ చెప్పకపోయినా ఇంటర్నల్ మార్కులు తగ్గవని కూడా చెప్పాను. అది ముందే చెప్పాలి. లేకపోతే మార్కులకోసం మన పిల్లలు ఏదైనా విప్పి చూపిస్తారు.

పాఠాలు చెప్పే మిత్రులకు ఒక మనవి. నల్లజాతి పాటలు క్లాసుకు తీసుకురండి, తప్పకుండా తీసుకురండి. ఏ పని చేస్తూ పాడారో, ఎవరు విన్నారో, డబ్బు ఎవరికి చేరిందో కూడా చెప్పండి. ఆ తర్వాత మీ ఊరి పాటల గురించి అవే ప్రశ్నలు అడగండి. పాడమని మాత్రం ఏ పిల్లవాడి మీదా ఒత్తిడి పెట్టకండి. విద్యార్థి మిత్రులారా, ఈసారి గేటు దగ్గర డప్పు కొట్టమని కబురొస్తే, సిలబస్‌లో అది ఎన్నో పేజీలో ఉందో అడగండి.

జై భీమ్.