ఎమిలీ గాజు గది

అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పధ్నాలుగేళ్లప్పుడే మొక్కలు ఏరి, ఎండబెట్టి పుస్తకంలో అతికించేది. మొత్తం 424. మొదటి పేజీలోనే జాజి! చాలావాటి పక్కన సన్నటి చీటీ, దానిమీద ఆమె చేతిరాతలో లాటిన్ పేరు. పేరు తెలిసిన మొక్క గురించి రాయడం వేరు, ‘ఏదో పువ్వు’ అని రాయడం వేరు కదా!

1855లో నాన్న ఆమ్‌హర్స్ట్ ఇంటికి ఆనించి చిన్న గాజు గది కట్టించాడు. బయట మసాచుసెట్స్ మంచు, లోపల ఫెర్న్‌లు, గంధరాజం. ఆమె రాసిన దాదాపు 1,800 కవితల్లో ఎన్నిటిలోకో తేనెటీగలు ఆ ఇంటి తోటలోంచే వచ్చి వాలాయి.

బతికుండగా అచ్చయినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఊరివాళ్లకి ఆమె తోట మనిషిగానే ఎక్కువ తెలుసు. స్నేహితులకు పంపే పూలగుత్తిలో మాత్రం, కాడల మధ్య, ఒక కవిత మడిచి పెట్టేది.