ఖాళీ బస్సు ఎగురుతుంది

మావాడికి పన్నెండేళ్లు. మా నాన్నకి అరవై తొమ్మిది. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. గ్లకోమా వల్ల పక్కచూపు తగ్గిందనీ, ఇక బండి నడపొద్దనీ మూడేళ్ల కిందట డాక్టరు చెప్పారు. ఆరోజే స్కూటర్ తాళంచెవి నా చేతిలో పెట్టేశారు. తర్వాత మాటలూ తగ్గించేశారు. ఏమడిగినా ‘ఊఁ’... ‘ఊహూఁ’... అంతే!

అలాంటి నాన్నని మళ్లీ మాట్లాడించింది మేం కాదు, గ్రాన్ టురిస్మో 7 అనే వీడియో గేమ్.

కార్ల పందెమంటే మీట నొక్కి దూసుకుపోవడమే అనుకునేవాళ్లే ఎక్కువ. ఇది ఆ బాపతు కాదు. జపాన్‌లో కజునోరి యమౌచి బృందం 1997లో తెచ్చిన ఆటల వరసలో 2022లో వచ్చిందిది. స్ప్రింగులెంత గట్టిగా ఉండాలి, కారు నేలకి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి, చక్రాలెంత వాలాలి... అన్నీ మనమే చెప్పుకోవచ్చు.

మావాడి తిప్పలన్నీ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద. ఐఫెల్ కొండల్లో 1927లో మొదలైన ఈ దారి ఒక చుట్టు దాదాపు 21 కిలోమీటర్లు. అన్నీ మలుపులూ ఎత్తుపల్లాలే. రేసు కారు కదాని వాడు స్ప్రింగులు బాగా బిగించేశాడు. గతుకు తగిలినప్పుడల్లా కారు ఎగిరి పక్కకి పోతోంది. వెనక కూర్చున్న నాన్న ఉన్నట్టుండి అన్నారు:

‘‘ఖాళీ బస్సురా అది. కమాన్ కట్టలు బరువుకి తగ్గట్టు వేసుంటారు. యాభై మంది ఎక్కితే కూర్చుంటుంది, ఖాళీగా పోతే ఎగురుతుంది. వదులు చెయ్.’’

చేశాడు. కారు నిలబడింది. టైరు నేలని వదిలేశాక స్టీరింగు ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం?

అప్పట్నుంచీ భోజనాలయ్యాక ఇద్దరూ టీవీ ముందే. నాన్న తెరని పెద్దగా చూడరు, టైర్ల కీచు వింటారు. ‘‘ముందు టైర్లు ఏడుస్తున్నాయి, ముక్కు తిరగట్లేదు’’ అంటారు. ఇంజిన్ ముందే ఉండి, ముందు చక్రాలే లాగే హోండా సివిక్ లాంటి కార్లకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. మందు యాంటీ రోల్ బార్. మలుపులో బరువు బయటి టైరు మీద పడుతుంది. రెండు టైర్లూ పంచుకుంటే ఉండే పట్టు, ఒక్కదానిమీదే మోపితే ఉండదు. ముందు బార్ గట్టిగా ఉంటే ఆ మోత ముందే ఎక్కువ. అందుకే ముందుది సడలించి, వెనకది బిగిస్తే ముక్కు లోపలికి తిరుగుతుంది. మరీ బిగిస్తే తోక విసురుతుంది! గేమ్‌లో దీనికి 1 నుంచి 10 దాకా అంకెలున్నాయి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్నది నాన్న షరతు. ‘‘రెండూ కదిపితే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుందిరా?’’

మాటల్లో మాటగా శ్రీశైలం ఘాట్ కూడా వస్తోంది. దోర్నాల దాటాక మలుపుల్లో నిల్చున్న జనమంతా ఒకవైపు ఒరిగితే స్టీరింగులో ఏం తెలిసేదో చెబుతున్నారు. మాకెప్పుడూ చెప్పలేదివి. మాకు తెలిసింది ఖాకీ చొక్కా, డబుల్ డ్యూటీలే.

కంట్రోలరు మాత్రం ముట్టుకోరు. మావాడు చేతికిస్తే ‘‘నువ్వు నడుపు’’ అంటారు.

ప్రస్తుతం గొడవ క్యాంబర్ మీద. చక్రం పైభాగం కాస్త లోపలికి వాలితే మలుపులో టైరు నేలకి చదునుగా ఆనుతుందని మావాడు. లోపలి అంచు అరిగిపోతుందని నాన్న. ‘‘డిపోలో ఇలా టైర్లు తినేస్తే మెమో ఇస్తారు’’ అంటే, ‘‘ఇక్కడ మెమోలుండవు తాతయ్యా’’ అంటాడు వాడు. రాత్రికి ఒకటిన్నర డిగ్రీల దగ్గర ఆగారు.