మిద్దె మీది ఎండ ఎవరిది?

"ఎండకు కూడా డబ్బులిస్తారుట్రా?" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది. 2024 మార్చి నెల. సగ్గుబియ్యం వడియాలు పెట్టి అప్పుడే మిద్దె దిగి వచ్చింది. నేనేమో సౌర పలకల లెక్కలు కాగితం మీద వేసుకుంటున్నాను.

అంతకు ముందు నెలలోనే కేంద్ర ప్రభుత్వం 'పీఎం సూర్యఘర్: ముఫ్త్ బిజిలీ యోజన'ను ప్రారంభించింది. కోటి ఇళ్ళ కప్పుల మీద పలకలు. అందుకు 75,021 కోట్ల రూపాయలు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడవదానికి 18,000, వెరసి 78,000 రూపాయల రాయితీ. ఆపైన ఎన్ని కిలోవాట్లు పెట్టుకున్నా అది పెరగదు. ముందు మనమే సొమ్ము సమకూర్చుకుని స్వదేశంలో తయారైన పలకలు బిగించుకోవాలి. నెట్ మీటరు అమర్చి తనిఖీ ముగిశాక రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. పగలు మనం వాడగా మిగిలిన కరెంటు లైనులోకి వెళుతుంది. రాత్రి మనం తీసుకున్న దానిలోంచి దానిని మినహాయిస్తారు.

కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లకు నెలకు మూడువందల పైచిలుకు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కనుక, పలకలు ముందుగా తగ్గించేది పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లనే. లెక్క చూసి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు దస్తావేజు తీసి చదివాను. మేముండేది కొండాపూర్‌లో, ఐదంతస్తులు, ఇరవై ఇళ్ళు. నా పేరున ఉన్నది నేలలో విభజించని వాటా. మిద్దె అందరి ఉమ్మడి సొత్తు. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. ఇంటికి మూడు చొప్పున 6,000 అడుగులు. నీళ్ళ ట్యాంకులు, లిఫ్టు గది పోగా మాకు మిగిలేది 3,500. 1998లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత ఈ దారి పొడవునా లేచిన అపార్టుమెంట్లలో చాలావాటి కథ ఇదే. ఎండ దండిగా ఉంది, సొంత కప్పు లేదు.

ఉమ్మడి అవసరాలకైతే వేరే లెక్క ఉంది. లిఫ్టు, మోటారు, వరండా దీపాల కోసం సంఘం పలకలు పెట్టుకుంటే కిలోవాటుకు 18,000 ఇస్తారు. పది కిలోవాట్లకు 1,80,000. సమావేశం పెట్టాము. అమెరికాలో ఉన్న యజమాని ఫోనులో, "పెట్టుబడి నాది, లాభం అద్దెవాళ్ళదా?" అన్నారు. అద్దెకుండే కుర్రవాడు, "వచ్చే ఏడాది ఉంటానో లేదో, నాకెందుకండీ?" అన్నాడు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. నేను మాత్రం పెద్దమనిషి తరహాలో, "తొందరపడవద్దు, ఆలోచిద్దాం" అన్నాను. నిజానికి నాలో ఉన్నది ఆలోచన కాదు, చేజారిన 78,000 మీద బెంగ.

సమావేశం ముగిసి కుర్చీలు మడుస్తూ మా వాచ్‌మన్ అడిగాడు: "సార్, మా రూముకి వేరే మీటరు పెట్టించగలరా?" ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం గృహజ్యోతి కింద తెల్లకార్డుదారుల ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం చేసింది. అతనికి కార్డు ఉంది, మీటరు లేదు. సెల్లార్ పక్కనున్న అతని గది మా ఉమ్మడి మీటరు కిందే. పైగా కరెంటు పేరిట అతని జీతంలోంచి నెలనెలా మూడువందలు కోస్తున్నామని నాకు అప్పటిదాకా తెలియదు. తెలుసుకోవాలనుకోలేదు అంటే సబబు. ఒక పథకం కప్పును అడుగుతుంది, మరొకటి మీటరును అడుగుతుంది. అతనికి రెండూ లేవు.

మరుసటి ఏడు పలకలు వచ్చాయి. ఆ పెట్టుబడి యజమానులు పెట్టేటట్టు, ఆదా అయిన సొమ్ములోంచి అది తిరిగి వారికి చేరేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ తీర్మానానికి అరగంట పట్టింది. ఆ మూడువందల కోత ఎత్తివేద్దామని నేను పెట్టిన రెండవ తీర్మానానికి గంటన్నర పట్టింది. నెగ్గింది. వేరే మీటరు సంగతి ఇంకా నడుస్తోంది.

పలకలు పోగా మిగిలిన తూర్పు మూల అమ్మ వడియాలకు దక్కింది. ఈసారి వాచ్‌మన్ భార్య మిరపకాయలు కూడా పక్కనే ఎండుతున్నాయి. ఆ చాప అక్కడ పరవమన్నది అమ్మే.