పారేసే ముక్కలో ఉంది ఆటంతా, పిన్నిగారూ

పిన్నిగారూ, ఆ గోంగూర ఇలా గోడ మీద పెట్టండి, మాటల్లో మాటగా ఇద్దరం ఒలిచేద్దాం. పొద్దున మీరు మనవడి మీద కేకలేస్తుంటే మా వంటింట్లోకి వినబడింది. అశోక్‌నగర్‌లో కోచింగ్‌కని వేలకు వేలు పోస్తుంటే వీడు ఫోన్‌లో పేకాడుతున్నాడని కదా మీ బాధ? అప్పట్నించీ నాకు పని మీద మనసు నిలవడం లేదు. వాడికి ఆ ఆట చూపించింది మా అబ్బాయి. వాడి దగ్గరే నేనూ నేర్చుకున్నాను. నాలుగు నెలలుగా ట్యూషన్ పిల్లలు వెళ్ళాక రాత్రి కాసేపు ఆడుతున్నాను. అందుకని మంచైనా చెడైనా నాకు తెలిసింది మీకు చెప్పి తీరాలి.

దాని పేరు బలాట్రో. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరుకి ఫోన్లలోకీ వచ్చింది. కెనడాలో ఎవరో ఒకాయన, అసలు పేరుతో కాకుండా లోకల్‌థంక్ అన్న పేరుతో, దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. 2025 జనవరికల్లా 50 లక్షల పైచిలుకు అమ్ముడయింది.

కాదు పిన్నిగారూ, డబ్బు పెట్టి ఆడేది కాదు! అసలు ముందు చెప్పాల్సింది అదే. ఒకసారి కొనుక్కుంటే అంతే. మధ్యలో ప్రకటనలు రావు, ఇంకో వంద కట్టమని అడగదు. తెర మీద డాలరు గుర్తు చూసి మీరు హడలిపోయి ఉంటారు. అవి ఆటలో పుట్టి ఆటలోనే పోయే డాలర్లు. మీరొక్కరే కాదు, యూరప్‌లో ఆటలకు వయసు ముద్ర వేసే పెగి సంస్థ కూడా పేకముక్కలు చూసి, 18 ఏళ్ళు దాటినవాళ్ళకే అని ముద్ర కొట్టింది. అప్పీలు చేసుకున్నాక 2025 ఫిబ్రవరిలో 12కి దించింది. ఆ తయారుచేసినాయన ఇంకో పని కూడా చేశాడు. తన తదనంతరం కూడా ఈ ఆటను ఏ జూదం కంపెనీకీ అమ్మకూడదని, వాడుకోనివ్వకూడదని వీలునామాలో రాసిపెట్టానని చెప్పాడు. ఆ సంగతి తెలిశాకే నేను మనసారా ఆడటం మొదలుపెట్టాను.

మా పెద్దమ్మ కొడుకు సంగతి మీకు తెలుసు కదా. 2016లో ఒక రమ్మీ యాప్‌లో పడి పెళ్ళాం గాజులు తాకట్టుదాకా తెచ్చాడు. తెలంగాణలో 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపేశారు, ఆంధ్రలో 2020లో ఆపారు, 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. వాడి విషయంలో తెలంగాణ నిషేధం ఓ ఏడాది ఆలస్యమైంది. అందుకే పేక అనగానే మీ గుండె గుభేల్మనడం నాకు అర్థమవుతుంది. నాకూ అలాగే అయింది మొదట.

ఇప్పుడు ఆట చెబుతాను వినండి. మన పేకకట్టే, 52 ముక్కలు. చేతికి ఎనిమిది వస్తాయి. అందులోంచి అయిదు దాకా ఎంచి దించాలి. జత, వరస, అన్నీ ఇస్పేట్లో అన్నీ కళావర్లో అయితే ఫ్లష్, ఇలా పోకర్ లెక్క. ఎర్రకట్టతో మొదలుపెడితే నాలుగుసార్లు దించొచ్చు, నాలుగుసార్లు నచ్చని ముక్కలు పారేసి కొత్తవి ఎత్తుకోవచ్చు. అంతలో మొదట 300 పాయింట్లు తేవాలి, తర్వాత 450, తర్వాత 600. ఈ మూడు గట్లూ కలిస్తే ఒక మెట్టు. అలాంటి మెట్లు ఎనిమిది. ఎనిమిదో మెట్టు చివర మామూలుగా లక్ష కావాలి.

రెండు రాజులు దించామనుకోండి. జతకు 10, రాజుకు పదేసి చొప్పున ఇంకో 20, మొత్తం 30. జతకు గుణకం 2. అంటే 60. ఇలా అరవైలతో లక్ష ఎప్పటికవుతుంది? అక్కడే జోకర్లు వస్తాయి. మన రమ్మీలో జోకరు ఏ ముక్క తక్కువైతే ఆ ముక్కగా సర్దుకుంటుంది. ఇక్కడ అలా కాదు. 150 రకాల జోకర్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో గుణం, మామూలుగా అయిదింటికే చోటు. సాదా జోకరు గుణకానికి 4 కలుపుతుంది. డుయో అని ఇంకొకటుంది, దించిన ముక్కల్లో జత ఉంటే గుణకాన్ని రెట్టింపు చేస్తుంది. లెక్క ఎడమనుంచి కుడికి సాగుతుంది. సాదా జోకరు ముందు, డుయో తర్వాత ఉంటే రెండుకి నాలుగు కలిపి ఆరు, ఆరు రెట్టింపైతే పన్నెండు. 30 పన్నెండ్లు 360, మొదటి గట్టు ఒక్క దెబ్బకి దాటేశాం. అవే జోకర్లు అటూ ఇటూ మారితే? రెండు రెట్టింపై నాలుగు, దానికి నాలుగు కలిపితే ఎనిమిది. 240 దగ్గరే ఆగిపోయాం. ఇదే లెక్క మా ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఆవలించేవాళ్ళు. జోకర్లు గీసి చెబితే ముందు కలపాలో ముందు హెచ్చవేయాలో వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకున్నారు.

ఆ డాలర్ల విషయంలోనూ బుద్ధి ఉంది. ఒక్కో గట్టు దాటాక చేతిలో మిగిలిన ప్రతి 5 డాలర్లకూ 1 డాలరు వడ్డీ ఇస్తుంది. వడ్డీ 5కి మించదు, అంటే 25 దాటి దాచినా లాభం లేదు. ఎప్పుడు దాచాలి, ఎప్పుడు విప్పాలి అన్నది, గట్టు దాటాక జోకర్లూ ముక్కలూ అమ్మే ప్రతి అంగడి దగ్గరా తేల్చుకోవాల్సిందే.

కానీ నన్ను కట్టిపడేసింది వదులుకోవడం, పిన్నిగారూ. మొదట్లో కనబడిన ముక్కల్లా కొని కట్టలో కలిపేసేదాన్ని. కట్ట లావెక్కే కొద్దీ కావలసిన ముక్క చేతికి రావడం మానేసింది. హ్యాంగ్డ్ మ్యాన్ అని ఒక చీటీ ఉంటుంది, దాంతో రెండు ముక్కలు కట్టలోంచి శాశ్వతంగా తీసేయొచ్చు. పనికిరాని రెండ్లూ మూళ్ళూ ఏరేసి నలభై ముక్కలకు తెచ్చాక, ఎత్తినప్పుడల్లా రాజో రాణో పలికింది. ఈ తరహా ఆటలకు పెద్దన్న స్లే ది స్పైర్. సియాటిల్‌లో ఆంథొనీ జియొవనెట్టి, కేసీ యానో అనే ఇద్దరు చేశారు, 2019 జనవరిలో పూర్తి రూపంలో వచ్చింది. అందులో ప్రతి పోరాటం తర్వాత మూడు ముక్కలు చూపించి ఒకటి తీసుకోమంటుంది, మూడూ వద్దని లేచిపోవచ్చు కూడా. బాగా ఆడేవాళ్ళు చాలాసార్లు వద్దనే అంటారు.

దీనికి మన ఊరి సంగతే ఒకటి చెబుతాను. 1963లో సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు పడి, రమ్మీ ఆడుతున్నవాళ్ళ మీద జూదం కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడుముక్కలాట ఒట్టి అదృష్టం, రమ్మీ అలా కాదు, ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది కొట్టేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చారు. క్లబ్బు పందెం మీద లాభం తీస్తే మాత్రం అది నేరమే అన్నారు. ఇవాళ్టికీ దేశంలో రమ్మీ మీద వాదన లేస్తే ఆ కేసు దగ్గరికే వెళతారు. ఉంచుకోవడంలో, వదలడంలో నేర్పుందని మన ఊరి కేసులో జడ్జీలు చెప్పిన మాట మీదే ఈ ఆటంతా నిలబడి ఉందనిపిస్తుంది నాకు.

ఇంకొకటి. ఇందులో ఓడిపోతే దాచిందేమీ మిగలదు. జోకర్లూ డాలర్లూ అన్నీ పోయి మళ్ళీ 52 ముక్కలూ 300 పాయింట్లూ. 1980లో రోగ్ అనే కంప్యూటర్ ఆట ఇలాగే ఉండేది, దాని పేరు మీదే ఈ తరహా ఆటలన్నిటినీ పిలుస్తున్నారు. ఇలా ప్రతిసారీ మొదటికి రావడం మీ మనవడికి కొత్తా పిన్నిగారూ? 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశాడు, సెప్టెంబరులో అదీ రద్దయింది. 2024లో కొత్త నోటిఫికేషన్, మళ్ళీ ఒకటో పేజీ నుంచి. మన చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే చోటు పట్టుకుని కూర్చునే పిల్లలందరిదీ ఇదే కథ. వాడు మొన్న మా మెట్ల మీద కూర్చుని నాతో ఒక మాట అన్నాడు. "అత్తా, ఇందులో ఓడితే ఎక్కడ తప్పు చేశానో నాకు కనబడుతుంది." నాకు గొంతు పట్టేసింది. మీరు వాణ్ణి తిట్టొద్దని నేను అనడం లేదు. ఆ మాట ఒక్కటి మీ చెవిన వేయాలనిపించింది.

అయితే అన్నీ మంచి గుణాలే అని చెప్పలేను. వాడన్నది కూడా పూర్తిగా నిజం కాదు. అయిదో మెట్టు దాటాక కూడిక జోకర్లు చాలవు, హెచ్చించే జోకరు ఒక్కటైనా కావాలి. అంగట్లో అది కనబడకపోతే ఎంత జాగ్రత్తగా ఆడినా ఎండిపోవాల్సిందే. అక్కడ తప్పు మనది కాదు, ముక్కలది. ఇంకా, మొదటి మెట్లలో ఫ్లష్ మరీ సులువు. ఒకే రంగు పోగేసుకుంటూ పోతే దాటేస్తాం, దాంతో మిగతా దారులు చూడకుండానే అలవాటు పడిపోతాం. తర్వాత ఒక గట్టు దగ్గర ది హెడ్ అని అడ్డొస్తుంది, ఆఠీన్లు ఒక్కటీ లెక్కలోకి రావంటుంది. ఆఠీన్లతోనే కట్ట కట్టుకున్నవాడి గతి చూడండి! ఏ అడ్డు వస్తోందో ముందే చూపిస్తుంది, అది న్యాయమే. సర్దుకోవడానికి రెండే అంగళ్ళు దొరుకుతాయి, అది చాలదు.

లెక్కల మనిషిగా నాకు నచ్చనిది ఇంకోటి. ముక్కలు దించేముందు మొత్తం ఎంతవుతుందో చెప్పదు. చిన్న లెక్కలకు బాగానే ఉంటుంది, ఆ ఉత్కంఠ ఆటకు అందమే. జోకర్లు అయిదూ నిండాక పక్కన కాగితం లేకుండా కుదరదు. ఇంగ్లీషు తెలియనివాళ్ళకు అసలు అందదు, ఒక్కో జోకరు కింద రెండేసి వాక్యాల షరతులు, అదీ చిన్న అక్షరాల్లో. గెలిచినవాళ్ళకు తెలుపు నుంచి బంగారు రంగు దాకా ఎనిమిది స్థాయిల కష్టం పెట్టారు. అందులో చాలావరకు మన చేతులు కట్టేయడమే, ఒక స్థాయిలో పారేసే అవకాశం ఒకటి తగ్గించేస్తారు. వదులుకోవడమే అందమైన ఆటలో వదులుకునే అవకాశాన్నే కోసేస్తే ఎలా? అక్కడ స్లే ది స్పైర్ మేలు. శత్రువు తర్వాత ఏం చేయబోతున్నాడో వాడి తల మీదే చూపించి, ఇప్పుడు ఆలోచించుకో అంటుంది.

వీటన్నిటికన్నా పెద్ద లోపం మీరు పొద్దున అరిచిన విషయమే. ఈ ఆటకు లేవడం తెలియదు. చిన్నప్పుడు నారాయణగూడలో మా నాన్న స్నేహితుడి ఇంట్లో ఆదివారాలు రమ్మీ సాగేది, అగ్గిపుల్లలే పందెం. తొమ్మిది కాగానే ఆ ఇంటావిడ కంచాలు వేసేసేది, ముక్కలు ఎక్కడివక్కడ మూసేయాల్సిందే. ఓడినవాడు కూడా నవ్వుకుంటూ చెయ్యి కడుక్కునేవాడు. ఈ ఫోన్‌లో ఎదురుగా మనిషే లేడు. ఓడగానే కొత్త ఆట అని మీట వెలుగుతుంది, గెలిస్తే ఇంకా పైకి, అంతులేకుండా ఆడుకోమంటుంది. ఒక్కో ఆట ముప్పావుగంట పడుతుంది. రెండు నొక్కులకు రాత్రి ఒంటిగంట. మరుసటిరోజు వాడు లైబ్రరీలో పుస్తకం ముందు నిద్రపోతే ఆ తప్పు ఆటది కూడా, నేను కాదనను. అందుకే నేను అన్నం పొయ్యి మీద పెట్టాకే తీస్తాను, కుక్కర్ దించగానే మూసేస్తాను. మధ్యలో ఆపినా మళ్ళీ అక్కడి నుంచే కొనసాగుతుంది, ఆ సౌకర్యం ఉంది. వాడితో కూడా రాత్రి భోజనానికి ముందు ఒక్క ఆట అని ఒప్పందం చేసుకోండి. పడుకునేటప్పుడు ఫోన్ మీ గదిలో ఉండాలి. వాడు ఒప్పుకుంటాడు, నేను కూడా చెబుతాను.

ఏమన్నారూ? బాబాయిగారు ఉన్నప్పుడు మేడ మీద మీరిద్దరూ రమ్మీ ఆడేవారా? ఇన్నేళ్ళ గోడ ఇది, నాకెప్పుడూ చెప్పలేదే! అయితే మీకు సగం వచ్చేసినట్టే. సాయంత్రం వాడు లైబ్రరీ నుంచి రాగానే పక్కన కూర్చోండి. మొదటి అంగట్లో చేతిలో ఏడు నుంచి పది డాలర్ల దాకా ఉంటాయి. వడ్డీకని దాచనివ్వకండి. ముందు ఒక జోకరు కొనమనండి, దాచుకోవడం రెండో మెట్టు నుంచి. ఇంద, ఆకు మీరు తీసుకోండి. కాడలు ఇటివ్వండి, మా తులసికోట పక్కన ఎరువు గుంటలో వేస్తాను.