నీళ్ల లారీలో బీరప్ప కథ

హైదరాబాదు చూడవచ్చిన బంధువులు చార్మినారూ, గోలకొండా, సాలార్‌జంగు మ్యూజియమూ అయిపోగానే, “హైటెక్ సిటీ కూడా చూపించండి” అంటారు. 1998 నవంబరు 22న ఆనాటి ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ అనే గుండ్రటి మేడ ముందు నిలబెట్టి వారికి ఫోటో తీయాలి. అంతకు ముందు యిక్కడ మాధాపూర్ అనే పల్లె, చుట్టూ పెద్ద పెద్ద కొండరాళ్లు. 2019లో మెట్రో రైలు వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. రాత్రివేళ ఆ వంతెన దీపాలు నీటిలో పడితే చూడవలసిందే.

అయితే బంధువులకు ఎవరూ చూపించని వస్తువొకటి యిక్కడ వున్నది. అది నీళ్ల లారీ. గాజు మేడలు ఎన్ని అంతస్తులు పైకి లేచినా, కింది రాతిలో నీరు వాటితో పాటు పైకి రాదు గదా! పదో అంతస్తులో కుళాయి తిప్పే కుర్రవాడికి తెలియదు గాని, ఆ ధార వెనుక చాలాసార్లు ఒక టాంకరూ, నిద్ర చాలని ఒక డ్రైవరూ వుంటారు. 2024 వేసవిలో యీ బళ్లకు రాత్రీ పగలూ తేడా లేకపోయింది.

మా కొండాపూర్ యింటికి నీళ్లు తెచ్చే డ్రైవరుది జనగామ వైపు పల్లె. బండి పాతది, ముందు చాలాకాలం సరుకులు మోసి, ముసలితనంలో నెత్తిన టాంకు పెట్టుకున్నది. ఒకనాడతను గుడ్డలో చుట్టిన సి.డి. ఒకటి నా చేతికిచ్చాడు.

“సారూ, మా నాయిన ఒగ్గు కథ చెప్తుండె. ఒకపారి బీరప్ప కథ చెప్తాంటే ఎవలో దీంట్ల ఎక్కించిచ్చిన్రు. నాయిన పోయి ఆరేండ్లాయె. బండిల ఇనబుద్ధయితాంది.”

సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లో లోకమంతా యీ పళ్లేల మీదే నడిచింది. 1982లో జపానులో తొలి సి.డి. యంత్రం అమ్మకానికి వచ్చింది. 1984లో కార్లలోకి ఎక్కింది. పాటలే కాదు, సాఫ్టువేరు కూడా వాటిలోనే వూరూరా తిరిగేది. ఇప్పుడో? వేలమంది కంప్యూటరు పండితులు కాపురమున్న యీ పేటలో, ఆ పళ్లెం పట్టే అర వున్న కంప్యూటరు కోసం నేను నాలుగిళ్లు తిరిగాను. చివరికి మా కాలేజీలో దుమ్ము కొట్టుకుని వున్న పాత యంత్రమే ఆదుకున్నది.

“కథను ఫోనులోకి ఎక్కించి యిస్తాను, చాలదూ?” అన్నాను.

“ఫోన్ల ఇంటే బుకింగులు వస్తనే ఉంటయి సారూ. కథ నడుమనే తెగుతది,” అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. యిద్దరం కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాం. రేడియోలూ, స్పీకర్లూ, తీగలూ అమ్మే దుకాణాలు అక్కడ కిక్కిరిసి వుంటాయి. ఒక ముసలి మెకానిక్కు పాత కారులోంచి వూడదీసిన సి.డి. పెట్టెను ముందుకు తోశాడు. కంపెనీ వారే కారుతో పాటు బిగించి పంపిన పెట్టె. యిటువంటి వాటిలో కొన్ని కరెంటు తెగితే రహస్య సంఖ్య అడుగుతాయి. అది తెలియకపోతే పెట్టె రాయితో సమానం. యిది అడగదని అతను ముందే చూసి వుంచాడు.

అసలు చిక్కు వేరు. పెట్టెకు కావలసింది 12 వోల్టులు. యీ లారీలో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు. ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగితే సరిపోదా అన్నాడు డ్రైవరు. ముసలాయన ఉర్దూ కలసిన తెలుగులో కసిరాడు: “ఒక్క ఎద్దుకే బరువు కడితే బండి ఎట్ల పోతది భాయ్?” నిజమే. ఒక బ్యాటరీ నీరసిస్తుంది. రెండోది అవసరానికి మించి ఛార్జయి చెడుతుంది. అందుకని 24ను 12గా దించే కన్వర్టరు పెట్టాడు. పసుపు తీగ ఎప్పుడూ కరెంటు వుండే చోటికి, ఎర్రది తాళంచెవికి, నల్లది బండి యినుముకు. స్పీకరు తీగలు మాత్రం ఆ యినుమును తాకరాదట. తాకితే పెట్టెకు ముప్పు.

డాష్‌బోర్డులో 18 సెంటీమీటర్ల వెడల్పూ, 5 సెంటీమీటర్ల ఎత్తూ గల ఆ పెట్టెకు చోటు లేదు. అద్దం పైన, దేవుళ్ల పటాల పక్కన, చెక్క అరలో రబ్బరు ముక్కల మీద దాన్ని సమంగా కూర్చోబెట్టారు. గ్రామఫోను ముల్లు అంచు నుంచి లోపలికి నడిచేది, సి.డి.లో వెలుగు లోపలి నుంచి అంచుకు నడుస్తుంది. గోతిలో బండి ఎగిరినప్పుడు ఆ వెలుగు దారి తప్పినా, ముందుగానే చదివి దాచుకున్న నాలుగు క్షణాల పాట పెట్టెను గట్టెక్కిస్తుంది.

యింట్లో రాసుకునే సి.డి.ల మీద రంగుపొర వుంటుంది. ఎండకూ వేడికీ అది క్షీణిస్తుంది. లారీ క్యాబిను దానికి శత్రుస్థానం. కనుక అసలు పళ్లెం అతని తల్లి పెట్టెలోకి వెళ్లింది. బండిలోకి నకలు వచ్చింది. మీ యిళ్లల్లో పెద్దల గొంతులున్న పళ్లేలుంటే, చదివే యంత్రాలు పూర్తిగా మాయం కాకముందే యీ పని చేయించండి.

తీగల వంతెన దాటుతూ మొదటిసారి విన్నాం. డోలు మోగింది, వెనుక నుంచి ఒక గంభీరమైన గొంతు లేచింది. కొంతసేపటికి కథ ఆగింది. ఒక దగ్గు. “గిన్ని నీళ్లియ్యుండ్రి” అన్న మాట. గ్లాసు చప్పుడు. మళ్లీ కథ.

డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: “గా నీళ్లు నేనే ఇచ్చిన సారూ.”