ఏరంటే నీళ్లు!

భద్రాచలం వెళ్లినవాళ్లు రాములవారిని దర్శించుకుంటారు. ఓపికుంటే పర్ణశాల కూడా చూసొస్తారు. అటునుంచే ఇంకా పైకి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా వెళ్తే దుమ్ముగూడెం, చర్ల మండలాల కోయగూడేలు వస్తాయి. ఖమ్మం వైపు మైదానం నుంచి అక్కడి బడికి వచ్చిన పంతులుగారికి మొదటివారంలోనే ఓ సంగతి బోధపడుతుంది. పాఠం చెప్పాలంటే ముందు తాను నేర్చుకోవాలి!

ఇల్లంటే లోన్

ఒకటో తరగతిలో 'నీళ్లు' అంటే కొందరు పిల్లలు తెల్లమొహం వేస్తారు. వాళ్లింట్లో నీళ్లను 'ఏర్' అంటారు. మనకేమో ఏరంటే వాగు. ఇల్లు 'లోన్', ఊరు 'నార్', మామిడి 'మర్క'. కోయ, తెలుగు రెండూ ద్రావిడ భాషలే. కానీ ఆరేళ్ల పిల్లకు ఆ చుట్టరికం ఏం తెలుస్తుంది? అందుకే పంతులుగారు ఆ మాటలు ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఐదో తరగతి పిల్లలే ఆయనకు దుబాసీలు.

2005 తర్వాత సల్వాజుడుం ఘర్షణలతో ఛత్తీస్‌గఢ్ వదిలి వచ్చిన గుత్తికోయల పిల్లలదైతే మరీ కష్టం. చాలామందికి బడిలో అడుగుపెట్టేదాకా తెలుగు చెవినపడదు. పైగా తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంట్లో కోయ, పంతులు నోట తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్... పలక పట్టిన ఏడాదే మూడు భాషలు!

అడవి చెప్పే సెలవులు

జూన్‌లో బడి తెరిచేసరికి గూడెంలో విత్తనాల హడావుడి. జులైలో వాగులు పొంగితే బండి ఆగిపోతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే!

నీళ్లు తీశాక నదీతీరాన మిర్చి తోటలు. కాయ కోతలప్పుడు అమ్మానాన్నలు కూలికి వెళ్తే, చంటివాళ్లను ఎత్తుకునేది అక్కలే. చంకలో తమ్ముడితోనే బడికొచ్చే పిల్లలూ ఉంటారు. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు రాలతాయి. తెల్లారకముందే బుట్టలతో చెట్ల కిందికి వెళ్లాలి. ఆ తర్వాత తునికాకు. హాజరుపట్టీ పలచబడటం చూసి అడవిలో ఏ కాలం నడుస్తోందో చెప్పేయొచ్చు.

పాత ప్రశ్నే

బయటివాళ్లు ఇక్కడి మాట నేర్వడం కొత్తేం కాదు. 1870ల్లో దుమ్ముగూడెంలో ఉన్న ఇంగ్లిష్ మిషనరీ జాన్ కెయిన్ కోయల గురించి వివరంగా రాశారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో తెచ్చిన దక్షిణాది కులాలు, తెగల సంపుటాల్లో ఆ వివరాలు కనిపిస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు కోయ కూడా అందులో చేరింది. మాట కోయది, లిపి తెలుగుది. పిల్లలు ఇంటిమాటతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి రావాలన్నది ఆలోచన.

మరి చెప్పేదెవరు? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో నంబర్ 3 వచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టులో తేలింది ఉద్యోగాల సంగతి. ఒకటో తరగతి పిల్లకు అర్థమయ్యేలా చెప్పేదెవరన్న ప్రశ్న మాత్రం గూడెంలోనే ఉండిపోయింది.

మైదానం నుంచి వచ్చినా మనసుపెట్టి కోయ నేర్చుకునే పంతుళ్లు లేకపోలేదు. నాలుగైదేళ్లకు మాట పట్టుబడుతుంది. పిల్లలు భయం లేకుండా చెయ్యెత్తి జవాబు చెబుతుంటారు. సరిగ్గా అప్పుడే బదిలీ ఉత్తర్వు వస్తుంది. ఆయన సామాను సర్దుకుంటారు. తర్వాత వచ్చే పంతులుగారు మళ్లీ 'ఏర్' దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఆయన నేర్చుకునేదాకా ఓపికపట్టాల్సింది మాత్రం ఆ ఆరేళ్ల పిల్లలే.