వెలిగే బాక్టీరియా, ఎక్స్‌రే భయం

సుబేదారిలో ఉదయపు నడకకు బయలుదేరితే నన్ను ఆపి అడిగే ప్రశ్నలలో ఒకటి తరచుగా వినబడుతుంది: ఎక్స్‌రే తీయించుకుంటే ఒంటికి చెరుపు కాదా? ఒక్క మాటలో చెప్పగలిగే సమాధానం కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మన హనుమకొండ గుట్టల గ్రానైటులోనే యురేనియం, థోరియం, పొటాషియం-40 స్వల్పంగా ఉంటాయి. ప్రపంచ సగటున మనిషికి ప్రకృతి నుంచి ఏటా సుమారు 2.4 మిల్లీసీవర్టుల వికిరణం అందుతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేతో అందేది 0.1 మిల్లీసీవర్టుకు లోపే. పొట్ట సీటీ స్కాన్‌తో దాదాపు 8 నుంచి 10. సాధారణంగా 100 మిల్లీసీవర్టుల లోపు దానిని అల్ప మోతాదు అంటారు.

అంత కొద్దిపాటి వికిరణం జీవకణంలో దేనిని తాకుతుంది? శరీరమంతటికీ ఒకేసారి 4, 5 గ్రేల వికిరణం సోకి, చికిత్స అందకపోతే సగం మంది మరణిస్తారు. ఆ శక్తి అంతా వేడిగా మారినా ఒంటి ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యోవంతు మాత్రమే పెరుగుతుంది! ఎంజైములు మాత్రం చాలా మొండివి. వేల గ్రేల వికిరణంతో సూక్ష్మజీవులను చంపిన మాంసంలో కూడా ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. అందుకే దీర్ఘకాలం నిల్వ ఉంచదలచిన మాంసాన్ని ముందుగా వేడిచేస్తారు. ఒక ఎంజైము అణువు చెడితే కణం మరొకటి తయారుచేసుకుంటుంది. డీఎన్‌ఏ చెడితే అంత సులువు కాదు. అయితే దానిని మరమ్మతు చేసేవి కూడా ఎంజైములే.

ఈ సంగతిని వెలుగు రూపంలో చూపించేవి కొన్ని సముద్రపు బాక్టీరియా. ఫోటోబాక్టీరియం ఫాస్ఫోరియంలో లూసిఫరేజ్ అనే ఎంజైము ఆక్సిజన్ సాయంతో నీలిపచ్చని కాంతిని పుట్టిస్తుంది. కణానికి ఇబ్బంది కలిగితే కాంతి మారుతుంది, దానిని పరికరంతో కొలవవచ్చు. రష్యాలోని క్రాస్నోయార్స్క్‌లో నదేజ్దా కుద్ర్యాషెవా బృందం ట్రిటియం, అమెరీషియం-241 కలిపిన ద్రవాలలో ఈ బాక్టీరియాను ఉంచి గమనించింది. కొంతసేపు ఏ మార్పూ లేదు. తరువాత కాంతి పెరిగింది, చివరకు తగ్గింది.

మధ్యలో కాంతి పెరిగిందని చూపించి అల్ప వికిరణం ఆరోగ్యానికి మంచిదని ప్రచారం చేసేవారున్నారు. నేను ఒప్పుకోను. జ్వరంలో నాడి వేగంగా కొట్టుకుంటే దానిని ఆరోగ్యమంటామా? కేరళలోని కరునాగపల్లిలో మోనజైట్ ఇసుక వల్ల సహజ వికిరణం చాలా ఎక్కువ. 2009లో వెలువడిన అధ్యయనం అక్కడ ఆ కారణంగా క్యాన్సర్ పెరిగినట్లు కనుగొనలేదు. అయినా ఏ మోతాదుకైనా కొంత ముప్పు ఉందనుకుని జాగ్రత్తపడటమే ప్రపంచమంతటా పాటిస్తున్న పద్ధతి.

కొన్నేళ్ల క్రితం ఒక కోడలిని వెంటబెట్టుకుని అత్తగారు నా దగ్గరకు వచ్చింది. గర్భం నిలిచిన సంగతి తెలియక ముందు ఆ అమ్మాయికి దగ్గు కోసం ఛాతీ ఎక్స్‌రే తీశారు. గర్భస్రావం చేయించుకోమని ఎవరో చెప్పారట. “కడుపుల బిడ్డకు ఏమన్నయితదా సారూ?” అని అత్తగారు అడుగుతుంటే కోడలు తల వంచుకుని కూర్చుంది.

ఛాతీ ఎక్స్‌రేలో గర్భస్థ శిశువుకు చేరేది 0.01 మిల్లీగ్రేకు లోపే. 100 మిల్లీగ్రేల లోపు వికిరణం కారణంగా గర్భస్రావం సమర్థనీయం కాదని అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం 2000లో స్పష్టంగా చెప్పింది. అంటే పదివేల రెట్ల దూరం. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. “అయితే ఉంచుకుందాం అత్తమ్మా” అని ఆ అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది.

ఆ ఇంటి పెద్దాయనకే తలనొప్పి అంటే ఒకే నెలలో రెండుచోట్ల రెండు సీటీ స్కాన్‌లు తీశారట. మొదటి ఫిల్మును రెండోచోట ఎవరూ అడగలేదు, వీళ్లూ తీసుకెళ్లలేదు. పాత ఫిల్ములు పారేయకండి. సీటీ రాసిన వైద్యుణ్ణి, అల్ట్రాసౌండ్‌తో సరిపోతుందా అని అడగండి. అవసరమే అంటే వెనకాడకుండా తీయించుకోండి.